డిసెంబరాలు ఈసారి ఒక్కటీ పూయలేదు, ఎక్కడ పొరపాటు జరిగింది?

మేడమీదతోట (హైదరాబాద్) · జనవరి 3, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ధనుర్మాసం సగం దాటిపోయింది. మా మేడ మీద ఆరు కుండీల్లో డిసెంబరాలున్నాయి. మూడు ఊదావి, రెండు తెల్లవి, ఒకటి చారలది. మొక్కలు నిగనిగలాడుతున్నాయి, ఆకు మీద ఒక్క మచ్చ లేదు. పువ్వు మాత్రం లేదు. పోయినేడు ఇదే సమయానికి రోజూ దోసెడు పూలు కోసి మా పాప జడలో పెట్టేదాన్ని. ఈసారి అది రోజూ పొద్దున్నే మేడెక్కి చూసి, ఖాళీ చేతులతో దిగుతోంది.

ఎండ బాగానే పడుతుంది, ఉదయం నుంచి మధ్యాహ్నం రెండు దాకా. జూన్‌లో మట్టి మార్చాను. నెలకోసారి వర్మీకంపోస్టు వేస్తున్నాను. ఇంకేం చెయ్యాలో తోచడం లేదు.

ఇంకో సంగతి. ఏడాది కిందటి క్రిస్మస్‌కి నర్సరీలో ఎర్ర ఆకుల పాయిన్‌సెట్టియా కొన్నాను. అది ఇప్పుడు నా భుజం దాకా పెరిగింది కానీ ఒక్క ఆకూ ఎర్రబడలేదు. రెండింటికీ ఒకటే జబ్బా?

తెనాలిపిన్ని · జనవరి 3, ఉదయం 9:15

అమ్మాయ్, ముందు ఒక్క మాట చెప్పు. కత్తెర ఎప్పుడు పట్టావు?

మేడమీదతోట · జనవరి 3, ఉదయం 9:32

దసరా సెలవుల్లో పిన్నిగారూ. గులాబీలు అక్టోబరులో కత్తిరించాలని ఒక వీడియోలో చూసి, గులాబీలతో పాటు వీటినీ సగానికి కత్తిరించాను. నెల తిరిగేసరికి గుబురుగా చిగుళ్ళు వచ్చాయి, సంతోషపడ్డాను కూడా.

తెనాలిపిన్ని · జనవరి 3, ఉదయం 10:05

అదే తల్లీ జరిగింది. నువ్వు కత్తిరించింది కొమ్మలు కాదు, ఈ ధనుర్మాసం పూలు.

గులాబీ తీరు వేరు. కత్తిరించిన చోట కొత్త చిగురొచ్చి, ఆ చిగురు చివరే నెలన్నర, రెండు నెలల్లో మొగ్గేస్తుంది. అందుకే అక్టోబరులో కత్తెర పడితే డిసెంబరుకి పూలు. డిసెంబరాలకి అంత తొందర లేదు. వానాకాలమంతా కొమ్మలు పెంచుకుంటుంది, ఆ కొమ్మ ముదిరాక ఆకు మొదట్లోనూ కొసనా ముళ్ళ అంచులున్న చిన్న ఆకుపచ్చ రేకల గుత్తి కడుతుంది, అందులోంచి పూలు. నువ్వు దసరాకి కోసేసేసరికి మొక్క మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడున్నది లేత కొమ్మ. లేత కొమ్మకి పూత ఎక్కడిది?

మా పెరట్లో గోడ పొడుగునా ఇవే. మా అత్తగారు వీటిని గోరింట పూలనేవారు. చేతికి పెట్టుకునే గోరింటాకుకీ దీనికీ సంబంధం లేదు. ఆవిడ లెక్క ప్రకారమే నేనిప్పటికీ చేస్తాను. పూత అయిపోయాక, అంటే ఫిబ్రవరి ఆఖరుకో శివరాత్రి దాటాకో, నేల నుంచి అడుగు ఎత్తు ఉంచి మొత్తం కత్తిరించెయ్యడం. వానలు పడ్డాక చిగుళ్ళ కొసలు గిల్లడం, రెండు మూడుసార్లు. వినాయక చవితి వచ్చిందా, ఇక చెయ్యి పెట్టకూడదు. చవితి తర్వాత కత్తెర పట్టుకుంటే ఆవిడ ఊరుకునేవారు కాదు.

మొక్కలు బాగున్నాయన్నావు కాబట్టి భయం లేదు. సంక్రాంతి వెళ్ళాక నాలుగు పూలు పూయొచ్చు కూడా. తెంపేసి, ఫిబ్రవరి నుంచి మళ్ళీ మొదలుపెట్టు.

విశాఖ_ఉప్పుగాలి · జనవరి 3, మధ్యాహ్నం 1:20

పిన్నిగారు చెప్పినదానికి మా ఇంట్లో తుపానే సాక్ష్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పెరట్లో డిసెంబరాల వరుస మొత్తం ఒరిగిపోయింది. ఉప్పుగాలికి మిగిలిన ఆకులన్నీ మాడిపోయాయి. విరిగిన కొమ్మలన్నీ నాన్నగారు కోసేశారు. ఆ చలికాలం ఒక్క పువ్వూ చూడలేదు. అన్నీ చచ్చిపోయాయనే అనుకున్నాం. కానీ సంక్రాంతికి మొదళ్ళ దగ్గర చిగుళ్ళు కనిపించాయి. తర్వాతి డిసెంబరుకి ఎప్పుడూ లేనంత పూత. వేళ్ళు బాగుంటే ఇది ఎంత దెబ్బ తిన్నా లేస్తుంది. కాకపోతే అక్టోబరు దెబ్బకి ఆ ఏడు పూత మాత్రం పోతుంది.

మొక్కలపంతులు (వరంగల్) · జనవరి 3, సాయంత్రం 6:50

డిసెంబరాల సంగతి పిన్నిగారు తేల్చేశారు. పాయిన్‌సెట్టియా జబ్బు వేరని నా అనుమానం. అమ్మా, ఆ కుండీ ఎక్కడుంది? రాత్రిపూట దాని మీద దీపం వెలుతురు పడుతుందా?

మేడమీదతోట · జనవరి 3, రాత్రి 8:10

మెట్ల గది పక్కన మాస్టారూ. అక్కడ ట్యూబ్‌లైట్ ఉంది, తెల్లవార్లూ వెలుగుతుంది. దీపానికీ మొక్కకీ ఏమిటి సంబంధం?

మొక్కలపంతులు · జనవరి 3, రాత్రి 9:25

చాలా సంబంధం ఉంది. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పిన పాఠమిది, ఒక చెట్టు చూపించి చెప్పే అవకాశం వస్తే ఇప్పటికీ వదులుకోను.

కొన్ని మొక్కలు చలిని బట్టి కాదు, రాత్రి పొడుగును బట్టి పూస్తాయి. చామంతి అలాంటిది, పాయిన్‌సెట్టియా అలాంటిది. ఆకులే రాత్రిని కొలుస్తాయి. చీకటి ఆగకుండా పన్నెండు గంటలు దాటి, అలా కొన్ని వారాలు సాగితే, చలికాలం వచ్చిందని మొక్క గుర్తుపట్టి పూతకి దిగుతుంది. మధ్యలో దీపం వెలిగితే దాని లెక్కలో అది పొడుగు రాత్రి కాదు, రెండు పొట్టి రాత్రులు. చామంతి పండించే రైతులు ఈ కిటుకునే వాడుకుంటారు. పూత వాయిదా వెయ్యాలంటే రాత్రిళ్ళు తోటలో బల్బులు వెలిగిస్తారు.

హైదరాబాదులో డిసెంబరు ఆఖరున పగలు సుమారు 11 గంటలే, రాత్రి 13. ఆ చీకటి పాయిన్‌సెట్టియాకి సరిపోతుంది. ఆరుబయట దీపాలు లేని చోట దానంతటదే ఎర్రబడుతుంది. మీ మొక్కకి మాత్రం ఆ ట్యూబ్‌లైట్ వల్ల ఏడాదంతా ఎండాకాలమే.

ఇంకో విశేషం. ఆ ఎర్రవి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ పసుపుపచ్చగా, శనగబద్దంత ఉంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో పసుపు గుండు పక్కన చిన్న పెదవిలాంటి తేనె గిన్నె కనిపిస్తుంది. మెక్సికో దాని పుట్టిల్లు. అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న పాయిన్‌సెట్ 1828లో తన దేశానికి పంపాడు కాబట్టి ఆయన పేరు స్థిరపడింది.

మార్చిలో అడుగు ఎత్తుకి కత్తిరించండి. కోసినప్పుడు పాలు కారతాయి. అవి కంట్లో పడితే మంట, చర్మానికి కూడా పడకపోవచ్చు. చేతులు కడుక్కోవడం మరవద్దు, పాపని దూరంగా ఉంచండి.

నెల్లూరు_వాన · జనవరి 4, ఉదయం 8:00

పిన్నిగారి మాట కాదనడం లేదు గానీ మా ఊళ్ళో ఆ లెక్క సరిగ్గా కుదరదండీ. మాకు అసలు వానలే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మీకు చినుకు ఆగాక పూత మొదలవుతుంది, మాకు పూత వచ్చే సమయానికే ముసురు. నేను రెండేళ్ళు నేలలో పెట్టి పోగొట్టుకున్నాను. నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళాయి, ఆకులు పసుపు తిరిగి ఒక్కసారిగా వాలిపోయాయి.

ఇప్పుడు జానెడు ఎత్తున గట్టు కట్టి, మట్టిలో మూడో వంతు ఇసుక కలిపి పెట్టాను. బాగున్నాయి. ఇంకో మాట. నేను చిగుళ్ళు గిల్లను. ఏటా ఒక్కసారి, పూత అయ్యాక కత్తిరించడమే. మొక్క నాలుగడుగులు పెరుగుతుంది, పూలకేం లోటు లేదు.

తెనాలిపిన్ని · జనవరి 4, ఉదయం 8:45

నేలలో అయితే గిల్లకపోయినా ఫరవాలేదు బాబూ, నువ్వన్నది నిజం. కుండీలో గిల్లకపోతే పొడుగ్గా సాగి, పైన నాలుగు పూలు, కింద అంతా బోడి కాడ. ఆ అమ్మాయివి కుండీలని అలా చెప్పాను. గట్టు సంగతి బాగా చెప్పావు, మా నల్లరేగడికీ అదే మందు.

కడియంవాడిని · జనవరి 4, మధ్యాహ్నం 12:30

నర్సరీ పనిలో పుట్టి పెరిగినవాడిగా నాలుగు మాటలు. డిసెంబరాలు కొనుక్కోవాల్సిన మొక్క కాదు. పక్కింట్లో ఉంటే ఒక కొమ్మ అడగండి. జూన్, జూలైలో పెన్సిలంత లావు కొమ్మ, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులుండాలి. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, ఆ రెండూ మట్టిలోకి పోయేలా గుచ్చండి. నీడలో తడి ఆరకుండా ఉంచితే నెలలోపు వేళ్ళు పడతాయి. చారలది ఇష్టమైతే కొమ్మతోనే పెంచండి, అదే రంగు వస్తుంది.

గింజతో కూడా వస్తుంది. కాయ ఎండాక చిట్లి, గింజలు అంత దూరం ఎగిరి పడతాయి. వానలు పడ్డాక మొక్క చుట్టూ చూస్తే పిల్లమొక్కలు కనిపిస్తాయి, కలుపనుకుని పీకెయ్యకండి.

కుండీ పన్నెండు అంగుళాలకి తగ్గకూడదు. ఆకులు మరీ నిగనిగలాడుతున్నాయంటే నత్రజని ఎక్కువైందేమో కూడా చూసుకోవాలి. సెప్టెంబరు నుంచి ఆకు పెంచే ఎరువు ఆపి, గుప్పెడు ఎముకల పొడి, గుప్పెడు వేపపిండి వేస్తే చాలు.

దీనికో అక్క ఉంది, ములుగోరింట. పసుపు పూలు, ఆకు మొదట్లో సూదుల్లాంటి ముళ్ళు. కంచెకి దానికి మించింది లేదు, మేకలు కూడా జంకుతాయి. చిన్నపిల్లలున్న మేడ మీద మాత్రం వద్దు.

మొక్కలపంతులు · జనవరి 4, సాయంత్రం 5:15

రెండూ బార్లేరియా జాతివే. 17వ శతాబ్దంలో జాక్ బారెలియే అనే ఫ్రెంచి సన్యాసి ఉండేవాడు, మొక్కల మీద పని చేశాడు, ఆయన పేరది. మన డిసెంబరాలకి ఇంగ్లీషులో ఫిలిప్పీన్స్ వయొలెట్ అనే పేరు తగిలించారు. ఇది వయొలెట్టూ కాదు, పుట్టింది ఫిలిప్పీన్స్‌లోనూ కాదు. మన దేశపు అడవుల్లో దానంతటది పెరిగే మొక్క. మన పేరే నయం, పేరులోనే నెల ఉంది.

అట్లాంటాలో_తోట · జనవరి 5, ఉదయం 6:20

ఇక్కడి నుంచి ఒక మాట. ఈ చర్చ చదువుతుంటే ఇంటి మీద బెంగ వచ్చింది. మా దగ్గర డిసెంబరాలు బయట బతకవు, మంచు పడితే పై కొమ్మలన్నీ నల్లబడతాయి. వాటి బదులు కమీలియా పెట్టాను. ససాంక్వా రకం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పూస్తుంది. జపోనికా రకం దాని తర్వాత అందుకుంటుంది. మన టీ మొక్కకి స్వయానా చెల్లెలు, రెండూ కమీలియాలే. జార్జియా ఎర్రమట్టిలో ఆమ్లగుణం ఉంటుంది, దానికి అదే కావాలి. డాలస్‌లో మా అన్నయ్య పెడితే సున్నపు మట్టికి ఆకులు పాలిపోయాయి, చివరికి కుండీలోకి మార్చాడు.

మీ కత్తెర కథే మాదీ. మొదటి ఏడాది సెప్టెంబరులో చక్కగా గుండ్రంగా కత్తిరించాను. కమీలియా ఎండాకాలంలోనే మొగ్గ కట్టుకుని కూర్చుంటుందని అప్పుడు తెలియదు. నేలంతా బఠాణీ గింజంత మొగ్గలు. ఇప్పుడు పూత అయిన వెంటనే తప్ప ముట్టుకోను. ఆగస్టు, సెప్టెంబరుల్లో నీళ్ళు తప్పకుండా పెడతాను, ఎండబెడితే మొగ్గ రాలుతుంది.

ససాంక్వాలో నాకిష్టమైంది, పువ్వు మొత్తంగా ఊడిపడదు, రేకు రేకుగా రాలుతుంది. పొద్దున లేచేసరికి పైన్ సూదుల మీద గులాబీ రంగు పరుపు. పోయిన సంక్రాంతికి అవి ఏరి, బంకమట్టి గొబ్బెమ్మల చుట్టూ వేశాం. గుమ్మడి పువ్వు దొరకలేదు, పిల్లలకి లోటు తెలియలేదు.

మన డిసెంబరాల కొమ్మ తెచ్చుకోవాలని చాలా ఉంది కానీ అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు తేకూడదు.

కొత్తకుండీ (కరీంనగర్) · జనవరి 5, ఉదయం 10:40

మాది అద్దె ఇల్లు, బాల్కనీ ఒక్కటే. మూడు గంటలు ఎండ. చలికాలంలో పూసేది ఒక్క మొక్క పెట్టుకోవాలంటే ఏది మంచిది?

తెనాలిపిన్ని · జనవరి 5, ఉదయం 11:00

డిసెంబరాలే. అర నీడకి కూడా తట్టుకుంటుంది, పూలు కొంచెం తగ్గుతాయంతే. కాగితం పూల జోలికి పోకు, ఆ ఎండకి దానికి ఆకులే. వాసన కావాలంటే మొల్ల పెట్టు, తీగ కాస్త కత్తిరిస్తూ ఉంటే పొదలాగే ఉంటుంది.

మొక్కలపంతులు · జనవరి 5, ఉదయం 11:30

మొల్ల అంటే సంస్కృతంలో కుందం. అమరకోశం దానికి మాఘ్యం అని ఇంకో పేరిచ్చింది, మాఘంలో పూసేదని. మల్లెలు ఎండాకాలం దాకా రావు కదా, ఈలోపు జడకి అదే దిక్కు. కవయిత్రి మొల్ల పేరు కూడా ఈ పువ్వుదే.

మేడమీదతోట · మార్చి 2, రాత్రి 9:00

కత్తెర పట్టాను! ఆరు డిసెంబరాలూ అడుగు ఎత్తుకి. పాయిన్‌సెట్టియా కూడా. చేస్తున్నప్పుడు టెన్షన్ వచ్చింది, బోడి పుల్లలు మిగిలాయి. చారలదానికి ఫిబ్రవరిలో మూడు పూలొచ్చాయి పిన్నిగారూ, మీరన్నట్టే.

మేడమీదతోట · జూలై 19, ఉదయం 7:15

మళ్ళీ వచ్చాను. చిగుళ్ళు గిల్లడం రెండుసార్లయింది, ఒక్కో మొక్కకి పది పన్నెండు కొమ్మలు. నాలుగు అంట్లు కూడా పెట్టాను, మూడు నిలబడ్డాయి. కానీ మందారం పక్కనున్న రెండు కుండీలకి కణుపుల దగ్గర తెల్లగా దూదిలాంటిది పట్టింది. చీమలు కూడా తిరుగుతున్నాయి.

కడియంవాడిని · జూలై 19, ఉదయం 9:50

పిండినల్లి. మందారం మీద పుట్టి అక్కడి నుంచి వచ్చింది. చీమలు దాని తీపి రసం కోసం వస్తాయి, దాన్ని కాపాడతాయి కూడా. ముందు గట్టిగా నీళ్ళు కొట్టి రాల్చండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగున, కణుపుల్లో తగిలేలా కొట్టండి. వారానికోసారి, మూడు వారాలు. మందారానికీ కొట్టాలి, లేకపోతే మళ్ళీ వస్తుంది. కుండీలు దూరం జరపండి.

తెనాలిపిన్ని · ఆగస్టు 30, సాయంత్రం 4:00

అమ్మాయ్, చవితి దగ్గరికొచ్చింది. ఆఖరిసారి గిల్లేసి కత్తెర లోపల పెట్టెయ్. గులాబీలకి అక్టోబరులో తీసేటప్పుడు డిసెంబరాల వైపు వెళ్ళకు.

మేడమీదతోట · అక్టోబరు 6, రాత్రి 8:30

గులాబీలకే కత్తిరించాను. మెట్ల గది లైటు ఆపడం కుదరలేదు మాస్టారూ, అందరూ వాడే మెట్లు కదా, పెద్దవాళ్ళు చీకట్లో ఎక్కలేరు. అందుకని పాయిన్‌సెట్టియాని నీళ్ళ ట్యాంకు వెనక్కి మార్చాను. పగలు ఎండ వస్తుంది, రాత్రి కటిక చీకటి. నా నీడ కూడా కనిపించలేదు.

మొక్కలపంతులు · అక్టోబరు 6, రాత్రి 9:10

అట్టపెట్టె బోర్లించడం కంటే ఇది మేలు. పెట్టె పెడితే సాయంత్రం అయిదుకి మూసి పొద్దున ఎనిమిదికి తియ్యాలి, రెండు నెలలు ఒక్కరోజు కూడా మరవకూడదు. రాత్రి ట్యాంకులో నీళ్ళు చూడ్డానికి ఫోను లైటుతో వెళ్ళకండి, అంతే.

మేడమీదతోట · డిసెంబరు 18, ఉదయం 7:05

పిన్నిగారూ, మాస్టారూ, కడియం అన్నగారూ, అందరికీ. ఇది రాస్తూ ఉంటే నా పక్కన పళ్ళెం నిండా పూలున్నాయి.

నవంబరు మూడో వారంలో మొదలయ్యాయి. మొదట ఊదావి, వారానికి తెల్లవి, చారలది అన్నిటికంటే ఆలస్యం. ఈ ఉదయం ఆరు కుండీల్లో కలిపి నూట నలభై కోశాం. పాప లెక్కపెట్టింది. పువ్వుని కాడ దగ్గర రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగితే జారి వచ్చేస్తుంది, ముళ్ళ రేకల గుత్తి కొమ్మకే ఉండిపోతుంది. తొందరపడితే ఆ అంచులు వేలికి గుచ్చుకుంటాయి. పాప రెండు రోజుల్లోనే నేర్చుకుంది.

మాల కట్టడం మాత్రం దారంతో రాలేదు. కాడ మరీ సన్నం, ముడి కాస్త బిగిస్తే తెగుతోంది.

పాయిన్‌సెట్టియా పై ఆకులు తొమ్మిది ఎర్రబడ్డాయి. ఇంకో రెండు సగం ఎరుపు, సగం పచ్చ, నరం వెంబడి రంగు పాకుతోంది.

తెనాలిపిన్ని · డిసెంబరు 18, ఉదయం 7:40

కళ్ళు చల్లబడ్డాయి తల్లీ. దారం వద్దు. అరటి నార తీసుకుని, అరగంట నీళ్ళలో నానబెట్టి, సన్నగా చీల్చు. అటు రెండు, ఇటు రెండు పూలు పెట్టి ముడి వెయ్యి. తడి నార మెత్తగా ఉంటుంది, కాడని కోయదు. రెండు ఊదా, రెండు తెలుపు మార్చి మార్చి కడితే పాప జడకి అందం. పొద్దున కట్టింది సాయంత్రానికి వాడిపోతుంది, అందుకని రేపటివి రేపే కోసుకోండి.

జూన్‌లో నాకో చారల కొమ్మ దాచిపెట్టు. మా పెరట్లో ఆ రంగు పోయి నాలుగేళ్ళయింది.

మేడమీదతోట · డిసెంబరు 18, ఉదయం 7:52

కొమ్మేమిటి పిన్నిగారూ, వేళ్ళు పట్టిన అంటు ఒకటి కుండీలో సిద్ధంగా ఉంది. దాని మీద ఇవాళే మొదటి మొగ్గ చూశాను. సంక్రాంతికి తెనాలి మీదుగానే వస్తున్నాం.